ఒక పేరు – ఒక మనిషి

ఆ ఏడు ఎండాకాలంలో ప్రభుత్వం వారికి వంశవృక్షాల మీద మక్కువ పుట్టింది. ఎలా పుట్టిందో ఎవరికీ తెలియదు. అంతకు ముందు ఏడు మామూలు వృక్షాల మీద పుట్టింది. అప్పుడు రోడ్డు పక్కన మొక్కలకు కట్టిన వెదురు తడికలు ఇంకా నిలబడే ఉన్నాయి, మొక్కలే లేవు. ఈసారి నీళ్లు పొయ్యక్కర్లేని చెట్టయితే నయమని పెద్దలు అనుకుని ఉంటారు.

మండలానికొక వంశవృక్ష సమన్వయ కార్యాలయం వెలిసింది. దానికొక అధికారి, ఒక కంప్యూటరు, గోడమీద పచ్చరంగు అక్షరాలతో ఒక నినాదం: 'ఒక పేరు – ఒక మనిషి'. ఇకనుంచి ఎవరింట బిడ్డ పుట్టినా ముందు ఆ ఇంటి వంశవృక్షం ఈ కార్యాలయంలో నాటించుకోవాలి. చెట్టు నాటుకున్నాకే బిడ్డకు పేరు మంజూరవుతుంది. పేరు మంజూరైతేనే జనన పత్రం. ఆ పత్రం లేకపోతే టీకాల దగ్గరనుంచి బడి దాకా ఏ గుమ్మమూ తొక్కనివ్వరు.

ఈ సంగతి నడిపల్లిలంకలో పిండిమర సోమలింగానికి ఆలస్యంగా తెలిసింది. అప్పటికి అతనికి కొడుకు పుట్టి తొమ్మిది రోజులైంది.

సోమలింగం ఇంటిపేరు కొప్పిశెట్టి. ఆ ఇంట్లో పెద్దకొడుకులకు రెండే పేర్లు, సోమలింగం, వీరభద్రయ్య. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఒక తరం సోమలింగమైతే తరవాతి తరం వీరభద్రయ్య, ఆ తరవాత మళ్లీ సోమలింగం. ఎంత వెనక్కి వెళ్లి చూసినా ఇంతే. ఇప్పటి సోమలింగం తాతగారికి నలుగురు కొడుకులు. నలుగురికీ తండ్రంటే భక్తి. అందుచేత నలుగురూ తమ తమ పెద్దకొడుకులకు ఆయన పేరే పెట్టుకున్నారు. కాబట్టి ఊళ్లో ఒకేసారి నలుగురు కొప్పిశెట్టి సోమలింగాలు తిరుగుతూ ఉంటారు. పిండిమర ఆడించేవాడు పిండిమర సోమలింగం. రేవులో పడవ నడిపేవాడు పడవ సోమలింగం. బడి పక్కన ఇల్లున్నవాడు బడి సోమలింగం. నాలుగోవాడు బూరెల సోమలింగం. ఆ పేరు ఎందుకొచ్చిందో అతని పెళ్లికి వెళ్లినవాళ్లను అడిగితే చెబుతారు. ఈ నలుగురి విషయంలో ఊరు ఏనాడూ తికమక పడలేదు.

ఆ ఇంట్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కోడళ్లు మొగుడి పేరూ, మావగారి పేరూ నోట పలకరు. సోమలింగం తల్లి చంద్రమ్మకు మొగుడు వీరభద్రయ్య, మావగారు సోమలింగం. మావగారి పేరే కొడుక్కీ వచ్చింది కనుక కన్నకొడుకును కూడా ఆవిడ పేరుపెట్టి పిలిచి ఎరగదు. అబ్బాయ్ అంటుంది. సోమలింగం భార్య భవానికి మొగుడు సోమలింగం, మావగారు వీరభద్రయ్య. ఆమెకూ రెండూ నిషిద్ధమే. పొద్దున్న లేచింది మొదలు ఆ ఇంట్లో మనుషులు ఉన్నారు, మాటలు ఉన్నాయి, పేరన్నది మాత్రం వినపడదు.

వీరభద్రయ్య బతికున్నంత కాలం ఆయన పేరు వీధిలోంచి వినపడేది. స్నేహితులు అరుగు ముందు నిలబడి, "ఏవయ్యా వీరభద్రయ్యా, లేచావా?" అని కేకవేసేవారు. చంద్రమ్మ పొయ్యి దగ్గర కూర్చునే ఆ కేక వినేది. ఆరేళ్ల కిందట ఆయన పోయాడు. కేకా పోయింది.

పెళ్లయిన పన్నెండేళ్లకు భవానికి మగపిల్లాడు పుట్టాడని తెలిసిన రోజున చంద్రమ్మ కొడుకును పిలిచి ఒకే మాట చెప్పింది.

"అబ్బాయ్, వీడికి ఆ పేరు పెట్టరా. నేనెలాగూ పిలవలేను. ఎవరో ఒకరు పిలుస్తూ ఉంటే వింటాను."

సోమలింగం తల ఊపాడు. అందులో కష్టమేముందనుకున్నాడు. ఇరవై ఒకటో రోజున బారసాలకు ముహూర్తం పెట్టించి, మండల కార్యాలయానికి బయల్దేరాడు.

అక్కడ వంశ సమన్వయాధికారి త్రివిక్రమరావు గారు. పక్కన కంప్యూటరు ముందు మీనా అనే అమ్మాయి. సోమలింగం నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

"మీ పేరు చెప్పండి" అంది మీనా.

"కొప్పిశెట్టి సోమలింగం అండి."

"నాన్నగారు?"

"వీరభద్రయ్యగారండి. కాలం చేశారు."

"తాతగారు?"

"సోమలింగంగారండి."

మీనా చెయ్యి ఆగింది. "మీ పేరు ముందే రాశానండి. తాతగారి పేరు అడుగుతున్నాను."

"అదేనమ్మా. తాతగారి పేరు."

"పోనీ ముత్తాతగారు?"

"వీరభద్రయ్యగారు."

మీనా అతనివైపు ఒకసారి చూసి, అన్నీ ఎక్కించి, మీట నొక్కింది. కంప్యూటరు కాసేపు ఆలోచించి వంశవృక్షం చూపించింది. సోమలింగం ముందుకు వంగి చూశాడు. అది చెట్టులా లేదు. గారెలా గుండ్రంగా ఉంది. సోమలింగం నుంచి బయల్దేరిన గీత వీరభద్రయ్య దగ్గరికి వెళ్లి, చుట్టు తిరిగి మళ్లీ సోమలింగం దగ్గరికే వచ్చింది.

"మధ్యలో ఆ చిల్లేంటమ్మా?"

"అది మీరు పుట్టాల్సిన చోటండి" అంది మీనా.

త్రివిక్రమరావు గారు కుర్చీలో సర్దుకున్నారు. "ఇందు గందరగోళమునకు తావు లేదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే గ్రామము గలవారు ఎందరున్ననూ ఒకే వ్యక్తిగా పరిగణింపబడుదురు. రికార్డుల ప్రకారము మీరే మీ తాతగారు."

"ఆయన పోయి చానా కాలమైందండి."

"తాము ఎదుట కూర్చుని ఉండగా ఆ మాట నమ్ముట కష్టము."

"నేను కాదండీ కూర్చుంది. అంటే, నేనేననుకోండి. ఆయన కాదండి."

"ఆయన కానిచో ఆయన పేరు తమకెందులకు?"

ఈ ప్రశ్న సోమలింగానికి ఎప్పుడూ తట్టలేదు. నిజమే, ఎందుకు? తాతను అతను చూసింది లేదు. కానీ ఆ పేరు మోస్తున్నందుకే చిన్నప్పుడు చెట్టెక్కి జామకాయ దొంగిలించినా, 'ఆ పేరు పెట్టుకుని ఇదేం పనిరా' అనేవాళ్లు. ఆ మాట అధికారికి ఎలా చెప్పాలో తెలియక పిల్లాడి సంగతి ఎత్తాడు.

"మా బాబుకు వీరభద్రయ్య అని పెట్టుకుంటామండి."

"తిరస్కరించడమైనది" అన్నారు త్రివిక్రమరావు గారు. "సదరు నామము ఈ వంశమున ఇదివరకే ఒక వ్యక్తికి కేటాయింపబడినది. ఆ వ్యక్తి మరణించి ఉన్నాడు. మరణించిన వ్యక్తికి జనన పత్రమిచ్చుటకు నిబంధనలు అనుమతించవు."

"పిల్లాడు వేరే మనిషి కదండీ."

"పునర్జన్మ అందురా? అది మా పరిధిలోనిది కాదు. దేవాదాయ శాఖ వారిని సంప్రదించగలరు."

సోమలింగానికి పొద్దున్నే శివాలయానికి వెళ్లి రావడం అలవాటు. దేవుడి మాట రాగానే అతనికి ఒక సందేహం వచ్చింది. "అయ్యా, శివుడికి వెయ్యి పేర్లున్నాయి కదండీ. ఈ లెక్కన ఆయన వెయ్యిమందవుతాడా?"

"దేవుళ్ల నమోదు రెండవ విడతలో" అన్నారు త్రివిక్రమరావు గారు.

మీనా జాలిపడి గొంతు తగ్గించింది. "ఖాళీగా ఉన్న పేర్లు చానా ఉన్నాయండి. జియాన్ష్ ఉంది, రియాన్ష్ ఉంది. కాగితంలో ఏదో ఒకటి పెట్టేసుకుని ఇంట్లో మీకు కావలసిన పేరు పిల్చుకోండి. అందరూ అలాగే చేస్తున్నారు."

"ఇంట్లో ఎవరు పిలుస్తారమ్మా?" అన్నాడు సోమలింగం.

తిరిగి వస్తూ దారంతా అతను అదే ఆలోచించాడు. తల్లి పిలవదు, మొగుడి పేరు. భార్య పిలవదు, మావగారి పేరు. తనేమైనా పిలవగలడా అంటే, అది తండ్రి పేరు. ఆ పేరుకు ముందు 'ఒరే' పెట్టడానికి తనకే నోరు రాదు. ఇక పిలిచేదల్లా పైవాళ్లే. బళ్లో పంతులు హాజరు పిలుస్తాడు, పోస్టుమాను గుమ్మం ముందు నిలబడి పిలుస్తాడు. వాళ్లు కాగితంలో ఉన్నదే పిలుస్తారు. ఆ పేరుకు బతుకంటూ ఉంటే కాగితంలోనే ఉండాలి. మరి దాన్ని కాగితంలోకి రానివ్వనంటున్నారు.

ఎవరూ పిలవని పేరును ఇంత భద్రంగా తరాల వెంట మోసుకు రావడంలో అర్థమేమిటని కూడా అతనికి ఒక క్షణం అనిపించింది. అనిపించిన వెంటనే లెంపలేసుకున్నాడు.

బారసాల వాయిదా పడింది. ఈలోగా కార్యాలయం ఊరుకోలేదు. పాత శిస్తు దస్త్రాలన్నీ కంప్యూటరుకు ఎక్కించారు. అందులో దొరికిన ప్రతి కొప్పిశెట్టి సోమలింగాన్నీ అది ప్రేమగా ఒకే సోమలింగంలో కలుపుకుంది. అందువల్ల పిండిమర సోమలింగం వయసు నూట డెబ్బై ఆరేళ్లకు చేరింది. బతికున్న నలుగురు సోమలింగాల భార్యలనూ, తాతగారి భార్యనూ కలిపితే ఐదుగురు పెళ్లాలు తేలారు. ఐదు వివాహములు చేసుకొనుటకు గల కారణములు తెలుపవలెనని నోటీసు వచ్చింది.

భవాని దాన్ని వంటింట్లో నిలబడి చదివింది.

"ఏవండీ, ఇందులో మీ నాయనమ్మగారు కూడా ఉన్నారండి. ఆవిడ నాకు సవతి అవుతారా?"

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నాకేం నవ్వులాటండీ? ఐదుగురిలో నాది ఎన్నో నెంబరో చూసుకుంటున్నాను. పడవ బావగారి భార్య నాకంటే ముందుంది. ఇక ఆవిడకి నేను కాళ్లు పట్టాలేమో."

చంద్రమ్మ ముంగిట్లో మనవడిని కాళ్లమీద వేసుకుని నూనె రాస్తోంది. "ఒరే అబ్బాయ్, నువ్వు మీ నాన్నకి నాన్నవైతే నేను నీకు కోడల్ని కదరా?" అంది. ఆ మాట అని, పమిట భుజం నిండా కప్పుకుని, గొంతు మార్చింది. "మావగారూ, మజ్జిగ తాగుతారా?"

సోమలింగం మజ్జిగ తాగకుండానే మరకు వెళ్లిపోయాడు. వెనక ఇద్దరూ నవ్వుతున్నారు. కానీ గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూస్తే తల్లి నవ్వడం ఆపి పిల్లాడి మొహంలోకి చూస్తోంది. పిల్లాడికి పేరు లేదు. భవాని తోచినట్టు బాబిగాడు అంటోంది. ఇలాగే ఇంకో నెల గడిస్తే ఆ బాబిగాడే అంటుకుపోతుందని అతనికి తెలుసు. చాలా ఇళ్లలో అలాగే అంటుకుపోయింది.

ఆ వారంలోనే మండల కార్యాలయం ముందు షామియానా వేశారు. రాష్ట్రంలోకెల్లా వయోవృద్ధుడు తమ మండలంలోనే ఉన్నాడని కనిపెట్టిన త్రివిక్రమరావు గారు ఆయనకు సన్మానం తలపెట్టారు. ఆ వయోవృద్ధుడు సైకిలు మీద వచ్చి, స్టాండు వేసి, వేదిక ఎక్కాడు. శాలువా కప్పారు. పండ్లబుట్ట చేతికిచ్చారు. పత్రికవాడు మైకు అందించి దీర్ఘాయువు రహస్యమేమిటని అడిగాడు. సోమలింగానికి నలభై ఏళ్లు. అబద్ధం ఆడడం అలవాటు లేదు.

"మా ఇంట్లో పేర్లు మార్చమండి. అంతే" అన్నాడు.

సభ చప్పట్లు కొట్టింది. మర్నాటి పత్రికలో 'పేరు మార్చకుంటే నూరేళ్లు' అని పడింది.

అసలు ఇబ్బంది మిగతా ముగ్గురు సోమలింగాల వల్ల వచ్చింది. ఒకరోజు సాయంత్రం ముగ్గురూ కలిసి పిండిమర దగ్గరికి వచ్చారు. మర ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. వాళ్లలో పెద్దవాడు పడవ సోమలింగం.

"ఒరే తమ్ముడూ, ఏంట్రా ఇది? సొసైటీ ఎన్నికలకి నేను వెళ్లేసరికి ఓటు పడిపోయిందంటున్నారు."

"నేనే వేశానన్నయ్యా, నా ఓటు."

"నీదేంట్రా, మనందరిదీ ఒకటేనట. ఇక నాలుగుసార్లకి ఒకసారి వస్తుంది నా వంతు."

బూరెల సోమలింగం తన బాధ చెప్పుకున్నాడు. "నేను చక్కెర పరీక్ష చేయించుకున్నానా, తీపి మానెయ్యమని కబురు నీ ఫోనుకొచ్చిందట. నాకు బాగానే ఉందనుకుని పూటా పాయసం తింటున్నాను."

"ఆ కబురు నాకొస్తే, నేను మానేశానన్నయ్యా" అన్నాడు సోమలింగం నీరసంగా.

బడి సోమలింగం అందరికంటే నెమ్మదస్తుడు. "ఇదంతా నీ చెట్టు నాటబోతే వచ్చింది కదరా. ఆ పిల్లాడికి ఏదో ఒక పేరు పెట్టేసి ఫైలు మూయించు. ఆ పేరు పెట్టకపోతే పెదనాన్న ఏవన్నా నరకానికి పోతాడా? పుణ్యాత్ముడు, ఎప్పుడో కైలాసం చేరుంటాడు" అన్నాడు.

అది నిజమేననిపించింది సోమలింగానికి. తండ్రికి ఈ పేరుతో పనిలేదు. పని ఉన్నది తల్లికే. ఆ మాట అన్నలతో అనలేకపోయాడు. "ఒక్కసారి వెళ్లి చూస్తానన్నయ్యా. కాకపోతే మీరు చెప్పినట్టే చేస్తాను" అన్నాడు.

మర్నాడు మీనాయే దారి చూపించింది. నిబంధనల పుస్తకంలో ప్రత్యక్ష సాక్ష్యమనే అంశం ఉంది. కలిసిపోయిన ఇద్దరు వ్యక్తులను వేరువేరుగా కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా బతికుంటే, వాళ్లు అధికారి ముందు స్వయంగా నోటితో చెప్పాలి. పక్కవాళ్లు అందివ్వకూడదు. సాక్షి ఏం చెబితే అది చెప్పింది చెప్పినట్టు ఎక్కించాలి.

"మీ తాతగారినీ, నాన్నగారినీ, మిమ్మల్నీ చూసినవాళ్లు ఉన్నారాండీ?"

తాతను చూసినవాళ్లలో ఇంకా బతికున్నది ఒక్కరే, తల్లి. ఆవిడ ఆ పేర్లు నోట పలకదు.

చంద్రమ్మ ముదురాకుపచ్చ నేత చీర కట్టుకుని వచ్చింది. వెంట మనవడిని ఎత్తుకుని భవాని కూడా వచ్చింది. త్రివిక్రమరావు గారు మైకు సరిచేసుకున్నారు. సాక్ష్యం రికార్డవుతుందని హెచ్చరించారు.

"అమ్మా, నీ భర్త పేరేమి?"

చంద్రమ్మ తల వంచుకుంది. "ఆయనండి."

"ఆయన అనగా ఎవరు?"

"మావారండి."

"పేరు చెప్పవలెను."

"పేరుందండి బాబూ."

"ఉన్న ఆ పేరేమి?"

"అది నేను చెప్పేది కాదండి. మా అబ్బాయి చెబుతాడు."

"అబ్బాయి అందించరాదు. సరే, ఈ అబ్బాయి పేరేమి?"

"అబ్బాయేనండి."

"నీవు కన్న కొడుకు పేరు నీకు తెలియదా?"

"తెలియకేమండీ. మా మావగారి పేరు కదా."

"మీ మావగారి పేరేమి?"

"మా అబ్బాయి పేరేనండి."

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ గారె చుట్టూ తిరుగుతున్నామని ఆయనకు అర్థమైంది. చంద్రమ్మకు ఆయన మీద జాలి కలిగినట్టుంది. సాయం చెయ్యబోయింది.

"దక్షుడి యజ్ఞం పాడుచేసిన స్వామి ఉన్నాడు చూడండి బాబూ, మావారిది ఆ స్వామి పేరు."

"దేవుళ్ల నమోదు రెండవ విడతలోనని చెప్పియున్నాము." ఆయన గొంతు పెంచారు. "అమ్మా, ఇది ప్రభుత్వ కార్యాలయము. భర్త పేరు చెప్పినంత మాత్రమున నష్టమేమి? నీ మనవడి భవిష్యత్తు దీనిపై ఆధారపడి ఉన్నది. చెప్పెదవా, లేదా?"

సోమలింగం తల్లి పెదవుల వంక చూశాడు. అవి కొంచెం కదిలాయి. పేరు అక్కడిదాకా వచ్చిందని అతనికి తెలిసింది. ఇన్నేళ్లుగా అది ఎక్కడ ఉంటూ వచ్చిందో అక్కడినుంచి లేచి, పళ్ల వెనక నిలబడింది. ఆవిడ మళ్లీ గుటక వేసింది.

"మావారండి. అంతే" అంది.

"అయితే అదే వ్రాసుకొనుము" అన్నారు త్రివిక్రమరావు గారు మీనాతో, విసుగు దాచుకోకుండా. "చెప్పినది చెప్పినట్లే. నిబంధన నిబంధనయే."

మీనా చెరిపింది, రాసింది. సాక్షి భర్త, మావారు. భర్త తండ్రి, మావగారు. ఆయన తండ్రి, మావగారి నాన్నగారు. కొడుకు, అబ్బాయి. మిగతా ముగ్గురి గురించి అడిగితే చంద్రమ్మ తడుముకోలేదు. పడవ అబ్బాయి, బడి అబ్బాయి, బూరెల అబ్బాయి అని చెప్పింది. వాళ్ల పేర్లు పలకరాదు కనుక ఒక్కొక్కడికీ ఆవిడ దగ్గర విడిగా ఒక పిలుపు ఎప్పటినుంచో ఉంది.

మీనా మీట నొక్కింది. గారె విడిపోయింది. దాని చోట కొబ్బరిచెట్టులా నిటారుగా ఒక వంశవృక్షం లేచింది. ఎవరూ ఎవరితోనూ కలవలేదు.

"సార్" అంది మీనా తెరమీది నుంచి చూపు తిప్పకుండా. "వీరభద్రయ్య అనే పేరు ఖాళీగా ఉందండి. ఈ వంశంలో ఎవరికీ లేదు."

త్రివిక్రమరావు గారు వంగి చూశారు. అది నిజం. నిజమైనచో మంజూరు చేయుటకు అభ్యంతరము లేదన్నారు. అయితే ఒక హామీ పత్రం మీద సంతకం కావాలి. మీనా దాన్ని అచ్చువేసి సోమలింగం ముందు పెట్టింది. 'మా వంశమున వీరభద్రయ్య అను పేరుగల వ్యక్తి ఇంతకు పూర్వము ఎన్నడునూ లేడని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.'

సోమలింగం కలం పట్టుకుని ఆగిపోయాడు. ఏటేటా తద్దినం రోజున ఆ పేరు చెప్పి పిండం పెడుతున్నాడు. పెట్టిన చేత్తోనే ఆయన లేడని రాయాలి. రాయకపోతే పిల్లాడికి ఆ పేరు లేదు. పేరు నిలవాలంటే మనిషి లేకుండా పోవాలి. స్వామి సన్నిధిలో దీనికి ఏమని జవాబు చెప్పుకోవాలో అతనికి పాలుపోలేదు.

"ఏం రాసుందిరా?" అంది చంద్రమ్మ. ఆవిడకు చదువు రాదు.

చెప్పాడు. తండ్రి పేరు వచ్చిన చోట 'నాన్న' అన్నాడు.

ఆవిడ కాగితాన్ని కొడుకువైపు జరిపింది. తరవాత, "పెట్టరా సంతకం. ఆయన లేకపోవడమేంటి, నేనున్నాగా. మీ ఆఫీసరుగారు రాయించుకున్నారని పైన కొట్టేస్తారా?" అంది.

సోమలింగం సంతకం పెట్టాడు.

ఈ సాక్ష్యం కబురు లంకలన్నిటికీ పాకింది. అప్పటికి చాలా ఇళ్లలో బారసాలలు ఆగి ఉన్నాయి. అన్ని ఇళ్లలోనూ తాతల పేర్లే. మర్నాటినుంచి ముసలమ్మలు మనవళ్లను చంకనెత్తుకుని కార్యాలయం ముందు బారులు తీరారు. అందరూ మైకు ముందు తల వంచుకుని ఒకే మాట చెప్పారు. మావారు. మీనా చెప్పింది చెప్పినట్టు ఎక్కించింది. కంప్యూటరు తనకు చేతనైన పని తాను చేసింది. ఒకే ఇంటిపేరూ, ఒకే ఊరూ ఉన్న 'మావారు'లందరినీ ఒకే మావారుగా కలిపింది. చంద్రమ్మ తోడికోడళ్లూ వరసలో నిలబడి వచ్చారు కనుక వాళ్లందరికీ కలిపి ఒక్కడే మొగుడు మిగిలాడు. నెల తిరిగేసరికి నడిపల్లిలంకలో ఇంటిపేరుకు ఒక్కడు చొప్పున మగవాళ్లు మిగిలారు. పక్క లంకలోనూ అంతే. ఊళ్లో మగవాళ్లు మాత్రం ఎప్పటిలాగే టీ కొట్టు దగ్గర కూర్చుని, తమలో ఎవరు మిగిలి ఉంటారా అని వాదించుకునేవాళ్లు.

మండలంలో జనాభా ఇంత వేగంగా తగ్గడం పైవాళ్ల కంట పడింది. ఎక్కడా ఒక్క చావు లేకుండా, ఒక్క ఆపరేషన్ లేకుండా జనాభాను అదుపులోకి తెచ్చినందుకు త్రివిక్రమరావు గారికి ప్రథమ బహుమతి ఇచ్చి, హోదా పెంచి జిల్లాకు పంపారు. ఇప్పుడు ఆయన అక్కడ పని చేస్తున్నారు.

సోమలింగం ఇంట్లో బారసాల చివరికి జరిగింది. ముగ్గురు అన్నలూ వచ్చారు. బూరెల సోమలింగం కోసం చక్కెర లేని పాయసం విడిగా వండారు. పురోహితుడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమన్నాడు. సోమలింగం రాశాడు. తరవాత పిల్లాడి కుడిచెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పమన్నాడు. సోమలింగం వంగి చెప్పాడు. చెవిలోనే చెప్పినా దగ్గరున్నవాళ్లకు వినపడింది. మూడుసార్లూ 'వీరభద్రయ్యగారు' అన్నాడు.

"గారు వద్దండి బాబూ. కొడుకు కదా" అన్నాడు పురోహితుడు.

"నోరు తిరగట్లేదండి" అన్నాడు సోమలింగం.

అక్షింతలు పడ్డాయి. ముత్తైదువలు ఉయ్యాల ఊపి పాట పాడారు. పాటలో పేరు వచ్చే చోట అందరూ 'బాబూ' అనేసి దాటిపోయారు, అందరూ ఆ ఇంటి కోడళ్లే కనుక. చంద్రమ్మ గోడవారగా పీటమీద కూర్చుని ఉయ్యాలవైపు చూస్తోంది. కాగితం వచ్చింది, పేరు వచ్చింది. బడికి వెళ్లే వయసు వస్తే పంతులు పిలుస్తాడు. దానికింకా అయిదేళ్లుంది. ఆవిడకు డెబ్బై ఆరు. సోమలింగం ఆ లెక్క వేసుకుని తల తిప్పుకున్నాడు.

భవాని పిల్లాడిని ఉయ్యాలలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. వాడు ఒకసారి ఒళ్లు విరుచుకుని, పట్టుచీర మీద ధారాళంగా పోశాడు.

"ఒరే వీరభద్రయ్యా" అంది భవాని గట్టిగా. "కొత్త చీరరా ఇది. నీకు బుద్ధుందా?"

తోడికోడళ్లు నోళ్లమీద చేతులు పెట్టుకున్నారు. పురోహితుడు పంచాంగంలో మొహం దాచుకున్నాడు. సోమలింగం భార్యకేసి చూశాడు. ఆమె నాలుక కరుచుకుంది కానీ తగ్గలేదు.

"ఏవండీ, అలా చూస్తారేంటి? మన వంశంలో ఆ పేరుగలవాళ్లు ఇదివరకెవరూ లేరని సంతకం పెట్టింది మీరే కదండీ. గవర్నమెంటు ముద్ర కూడా ఉంది. మరి నాకేంటి అడ్డం? నా కొడుకు, నేను పిలుచుకుంటాను."

అందరూ చంద్రమ్మవైపు తిరిగారు. ఆవిడ పీటమీద నుంచి లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, కోడలి పక్కన చతికిలబడింది. తడిసిన చీర కుచ్చిళ్లు చేత్తో సర్దింది.

"అమ్మాయ్, మళ్లీ తిట్టు" అంది.

భవాని అత్తగారి మొహంలోకి చూసింది.

"గట్టిగా తిట్టవే" అంది చంద్రమ్మ. "ఆయనకి కాస్త చెవుడు."